శత్రువుకు ముఖం లేని యుద్ధం: ‘కాంట్రా’ ఆట – ఉత్తరాంధ్ర వీరగాథల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

1987లో జపాన్‌కు చెందిన కొనామి సంస్థ రూపొందించిన ‘కాంట్రా’ పరుగెత్తుతూ తుపాకీ పేల్చే వీడియో ఆటల్లో ముఖ్యమైనది. తొలితరం గృహ కంప్యూటర్ల మీద, టీవీకి తగిలించుకునే ఆటపెట్టెల మీద దానికి పలు రూపాంతరాలు వచ్చాయి. 1990వ దశకంలో తెలుగు పట్టణాల బాల్యంలోకి ప్రవేశించిన తొలి యుద్ధకథల్లో ఇదొకటి. ఈ ఆటను ఒక పాఠంగా స్వీకరించి, దాని రూపాంతరాలను, వీరరస స్వభావాన్ని, శత్రుచిత్రణను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆమదాలవలస పరిసరాల్లో ప్రచారంలో ఉన్న బొబ్బిలి కథ, జముకుల కథ సంప్రదాయాలు ఈ పరిశీలనకు తులామానాలు.

కీలకపదాలు: కాంట్రా, గ్రైజర్, గృహ కంప్యూటర్లు, వీరరసం, పాఠాంతరం, బొబ్బిలి కథ, జముకుల కథ, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగు విమర్శ సినిమాను, పాటను, ప్రకటనను సాహిత్యానికి ఇరుగుపొరుగులుగా గుర్తించి చాలాకాలమైంది. వీడియో ఆటకు మాత్రం ఆ గుర్తింపు ఇంకా అందలేదు. పిల్లల కాలక్షేపమనో, చదువుకు చేటనో ఒక వాక్యంలో తేల్చివేయడమే ఎక్కువగా కనిపిస్తుంది. ఈనాడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్న తెలుగు పాఠకులలో చాలామందికి యుద్ధం అనే అనుభవం మొదట పద్యంగా వచ్చిందా, బుర్రకథగా వచ్చిందా, తెరమీద కదిలే నాలుగు రంగుల బొమ్మగా వచ్చిందా అని ప్రశ్నించుకుంటే మూడో సమాధానానికి బలం ఎక్కువ. అలాంటప్పుడు ఆ బొమ్మ ఏ కథ చెప్పింది, ఎలా చెప్పింది, దేన్ని చెప్పకుండా వదిలేసింది అని అడగడం విమర్శకు తప్పనిసరి బాధ్యత అవుతుంది.

ఆమదాలవలస చెన్నై–హౌరా రైలుమార్గం మీది పట్టణం. అక్కడి రైలుస్టేషన్‌కు ‘శ్రీకాకుళం రోడ్డు’ అని పేరు. దానికి పడమటి దిక్కున రాజాం, బొబ్బిలి ఉన్నాయి. ఉత్తరాన ఏజెన్సీ కొండలున్నాయి. ఒక దిక్కున పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధం, మరొక దిక్కున ఇరవయ్యో శతాబ్దపు గిరిజన పోరాటం కథలుగా మారిన నేల ఇది. యుద్ధాన్ని కథగా వినడంలో ఇంత అనుభవం ఉన్న ప్రాంతం నుంచి ఒక యుద్ధపు ఆటను చదివితే ఏమి తేలుతుందన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

2. యంత్రం – దాని పరిమితులు

‘కాంట్రా’ మొదట 1987లో నాణెం వేసి ఆడే పెద్దయంత్రంగా వచ్చింది. ఐరోపాలో ఓషన్ సంస్థ దీనిని ‘గ్రైజర్’ అనే పేరుతో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64, ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ అనే గృహ కంప్యూటర్లకు అందించింది. 1988లో నింటెండో ‘ఫ్యామిలీ కంప్యూటర్’కు, 1989లో ఎమ్‌ఎస్‌ఎక్స్ 2 కంప్యూటర్‌కు కొనామి స్వయంగా రూపాంతరాలు చేసింది.

1982లో వచ్చిన స్పెక్ట్రమ్‌కు 48 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, అదే సంవత్సరం వచ్చిన కమొడోర్‌కు 64 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉండేవి. స్పెక్ట్రమ్ తెరలో ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల ఒక్కొక్క గడిలో రెండు రంగులకే చోటుంది. అందువల్ల వీరుడు చెట్టు ముందునుంచి నడిస్తే ఒకరి రంగు మరొకరికి అంటుకొనేది. ఆమ్‌స్ట్రాడ్ రూపంలో తెర నిరంతరంగా జరగదు. అంచుకు చేరగానే ఒక దృశ్యం పోయి మరొక దృశ్యం వస్తుంది. ‘పరుగెత్తడం’ ప్రాణమైన ఆటకు పరుగే తెగిపోయిందన్నమాట. ఛందస్సు భావాన్ని మలచినట్టే, ఇక్కడ యంత్రపరిమితి కథను మలచింది. శత్రువులందరూ ఒకే పోలికతో ఉండటానికి తొలికారణం కళాదృష్టి కంటే జ్ఞాపకశక్తి కొరత. పరిమితి వల్ల పుట్టిన లక్షణం కాలక్రమంలో ఆ ప్రక్రియకు స్వభావంగా స్థిరపడింది. దీనిని మరువకుండానే తరువాతి విమర్శ సాగాలి.

భారతదేశానికి గృహ కంప్యూటర్లు ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి. 1984–85లో మొదలైన ‘క్లాస్’ అనే ప్రభుత్వ పథకం కింద కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు చేరాయి. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ అనుమతి పొంది స్పెక్ట్రమ్ ప్లస్‌ను ఇక్కడ విక్రయించింది. చిన్న పట్టణాలకు మాత్రం ఈ కంప్యూటర్ల కంటే 1990వ దశకంలో వచ్చిన ‘టీవీ గేమ్’ పెట్టెలే చేరువయ్యాయి. అవి నింటెండో ఫ్యామిలీ కంప్యూటర్‌కు చవక నకళ్లు. కొన్నింటికి మీటలపలక కూడా తగిలించి చదువుకొనే కంప్యూటర్లుగా అమ్మేవారు. వాటిలో దూర్చే ప్లాస్టిక్ పెట్టెను తెలుగు పిల్లలు ‘క్యాసెట్’ అన్నారు. ప్రాణాలు ‘లైఫ్‌లు’ అయ్యాయి, ఘట్టాలు ‘స్టేజీలు’ అయ్యాయి. గంటకు ఇంతని తీసుకొని ఆడనిచ్చే దుకాణాలు పట్టణాల్లో వెలిశాయి. ‘కాంట్రా’ తెలుగునాట స్థిరపడింది ఈ దారిలోనే.

3. పాఠాంతరాలు

మౌఖిక కథను పరిశీలించేవారు ముందుగా పాఠాంతరాలను సేకరిస్తారు. ‘కాంట్రా’కు కూడా ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. జపాన్ పాఠంలో కథాకాలం క్రీ.శ. 2633. స్థలం న్యూజిలాండ్ సమీపంలోని గలుగా అనే కల్పిత ద్వీపసమూహం. ‘రెడ్ ఫాల్కన్’ అనే శత్రుసంస్థను తుదముట్టించడానికి బిల్ రైజర్, లాన్స్ బీన్ అనే ఇద్దరు సైనికులు వెళతారు. అమెరికాలో ఆటతోపాటు ఇచ్చిన పుస్తికలో కాలం వర్తమానానికి, స్థలం అమెజాన్ ప్రాంతానికి మారాయి. వీరులు కూడా ‘మ్యాడ్ డాగ్’, ‘స్కార్పియన్’ అనే మారుపేర్లు పొందారు. జపాన్ రూపంలో ఘట్టాల మధ్య పటాలు, కథాదృశ్యాలు ఉన్నాయి. అమెరికా రూపంలో అవి లేవు.

ఐరోపాలో 1990లో వచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్ తరహా రూపానికి ‘ప్రోబోటెక్టర్’ అని పేరు. యువతకు హాని కలిగించే ప్రచురణలపై జర్మనీలో ఉన్న కఠిన నియమాలను దృష్టిలో ఉంచుకొని వీరులను, మానవశత్రువులను మరమనుషులుగా మార్చారు. మనిషి మనిషిని చంపడం కనిపించకూడదన్నది ఉద్దేశం. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనుషుల స్థానంలో మరమనుషులు వచ్చినా ఆటలో ఒక్క నియమం మారలేదు. దూకే ఎత్తు, తూటా వేగం, శత్రువు కనిపించే చోటు అన్నీ యథాతథం. దీనివల్ల తేలేది ఒక్కటే: మొదటి పాఠంలో శత్రువు మనిషి కావడం పైపూత మాత్రమే. ఆట అతనిని ఎన్నడూ మనిషిగా లెక్కించలేదు. నియమపాలన కోసం చేసిన మార్పే మూలపాఠం లోపల ఉన్నదాన్ని బయటపెట్టింది.

తెలుగునాట ఏ పాఠం వచ్చింది? పుస్తిక లేని పాఠం. క్యాసెట్ మీద వందల ఆటల జాబితా ఉండేది. తెరిచి చూస్తే అవే ఆటలు పేర్లు మార్చుకొని మళ్లీ మళ్లీ వచ్చేవి. వాటిలో ఒక ‘కాంట్రా’ మొదటి ఘట్టంలో మొదలైతే, మరొకటి నడిమి ఘట్టంలో మొదలయ్యేది, ఇంకొకటి ముప్పై లైఫ్‌లతో మొదలయ్యేది. గలుగా పేరు గాని, 2633 అనే సంఖ్య గాని ఆడేవారికి తెలిసే మార్గం లేదు. ఇక్కడి పిల్లలు కథ లేని యుద్ధాన్ని స్వీకరించారు. తెలుగు పాఠానికి ఇదే ప్రత్యేకత, ఇదే సమస్య.

4. వీరరసం – ప్రాణాల లెక్క

లాక్షణికులు వీరరసానికి ఉత్సాహం స్థాయీభావమన్నారు. జయించవలసిన ప్రత్యర్థి ఆలంబన విభావం. అతని పరాక్రమం, చేష్టలు ఉద్దీపనలు. కావ్యంలో ఉత్సాహం నాయకునిది. దానిని ఆస్వాదించేవాడు సహృదయుడు. నాటకంలో నటుడు మధ్యవర్తి. ఆటలో ఈ ముగ్గురి నడుమ గోడ తొలగిపోతుంది. మీట నొక్కేవాడే నటుడు, ఆస్వాదించేవాడూ వాడే. తెరమీది సైనికునికి ముఖకవళికలు లేవు, మాట లేదు. ఉత్సాహం అతనిలో లేదు. అది ఆడేవాని బొటనవేళ్లలో, బిగబట్టిన ఊపిరిలో ఉంది.

పెద్దయంత్రంలోను, ఫ్యామిలీ కంప్యూటర్ రూపంలోను ఒక్క తూటా తగిలితే ప్రాణం పోతుంది. గాయం అనే మధ్యస్థితి లేదు. నాణెం వేసి ఆడే యంత్రానికి త్వరగా చావడం వ్యాపారావసరం. ఎమ్‌ఎస్‌ఎక్స్ 2 రూపంలో మాత్రం దెబ్బదెబ్బకు తగ్గే శక్తిమానిక ఉంది. ఒకే కథ, ఒకే శత్రువు, కాని రసానుభవం వేరు. ఒక్క దెబ్బతో పోయే ప్రాణమైతే ప్రతి అడుగూ నిర్ణయమవుతుంది. తగ్గుతూ పోయే శక్తి అయితే కొంత అజాగ్రత్తకు వీలుంటుంది.

ఫ్యామిలీ కంప్యూటర్ రూపంలో మొదట మూడు ప్రాణాలు ఇస్తారు. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపై ‘బి’, ‘ఏ’ మీటలు వరసగా నొక్కితే ముప్పై ప్రాణాలు వస్తాయి. ఈ రహస్యసూత్రం మొదట కొనామి వారి ‘గ్రేడియస్’లో కనిపించింది, ‘కాంట్రా’ వల్ల లోకప్రసిద్ధమైంది. ముప్పై ప్రాణాలతో మొదటి ఘట్టం ఆడేవాడు భయపడడు. భయం లేనివాని పరుగును ధైర్యమనలేం. అదే ఆటగాడు ఎనిమిదో ఘట్టంలో చివరి ప్రాణంతో నిలిచినప్పుడు భయానకం ప్రవేశిస్తుంది. దానిని అణచుకొని ముందుకు కదిలినప్పుడే అసలైన ఉత్సాహం పుడుతుంది. కాబట్టి ఈ ఆటలో వీరరసం తుపాకీలో లేదు, పేలుళ్లలోనూ లేదు. పోగొట్టుకోవడానికి మిగిలినది ఎంత అన్న లెక్కలో ఉంది.

ఆటకు మరొక గుణం కూడా ఉంది. శత్రువు ఏ చోట, ఏ క్షణాన వస్తాడో చాలావరకు మారదు. పదేపదే చచ్చి, ఆ క్రమాన్ని కంఠస్థం చేసినవాడే గట్టెక్కుతాడు. దీనిని ధారణ అనవచ్చు. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు ‘ఇక్కడ దూకు’, ‘వాడొస్తున్నాడు, వంగు’ అంటూ ఒకరికొకరు అందించుకొనే మాటలు కథకునికి వంతలు అందించే పలుకులను గుర్తుచేస్తాయి. ఆటలో లేని భాషను ఆడేవారు సమకూర్చారు. మూడో ఘట్టమైన జలపాతంలో ఈ సహకారానికి పరీక్ష ఎదురవుతుంది. పైకి ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది. ముందున్నవాడు తొందరపడితే వెనుకవాడు తెర అడుగున పడి చనిపోతాడు. శత్రువు చేతిలో కాక తోటివాని వేగం చేతిలో చావు. ఆట మొత్తంలో నైతికమైన ఆలోచనకు చోటిచ్చే ఘట్టం ఇదే. అయితే ఆటకు ఆ సంగతి తెలిసినట్టు కనిపించదు. అక్కడ తగవు పడి, రాజీపడి, ‘ఆగి ఎక్కుదాం’ అని ఒప్పందం చేసుకొన్నవారు పిల్లలే.

5. శత్రువు పేరు: బొబ్బిలి కథతో పోలిక

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ఉత్తరాంధ్ర వీరగాథలన్నింటిలో ప్రసిద్ధమైనది. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు ఒక పక్షం. బొబ్బిలి రంగారావు మరొక పక్షం. కోట నిలవదని తేలినప్పుడు లోపలివారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొని, చివరిదాకా పోరాడి మరణించారు. ఆ సమయానికి రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు తరువాత విజయరామరాజును అతని డేరాలోనే చంపి పగ తీర్చుకున్నాడు. ఈ కథ పాటగా, బుర్రకథగా, 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ చిత్రంగా జనంలో నిలిచింది.

ఈ కథలోనూ వీరుల సంఖ్య తక్కువ, శత్రుసేన ఎక్కువ. ఆ మేరకు ‘కాంట్రా’తో పోలిక ఉంది. భేదం రెండు చోట్ల స్పష్టమవుతుంది. మొదటిది శత్రువు. బొబ్బిలి కథలో శత్రువుకు ఇంటిపేరుంది, వంశముంది, పాతపగకు కారణముంది. అతడు పొరుగువాడు. కథ చెప్పేవాడు విజయనగరం వైపు ఊళ్లకూ పోయి చెప్పవలసినవాడు. కాబట్టి శత్రువును తూలనాడటానికైనా అతనిని మనిషిగా నిలబెట్టక తప్పదు. ‘కాంట్రా’ సైనికులు తెర కుడి అంచున పుట్టి, ఎడమకు పరుగెత్తి, మెరుపుగా మాయమవుతారు. శవం మిగలదు. చివరి ఘట్టంలో గ్రహాంతరజీవి గుహలోకి చేరినప్పుడు ఎదురయ్యేది కొట్టుకుంటున్న ఒక పెద్ద గుండె. ఆటలో గుండె ఉన్నట్టు చూపిన ఏకైక శత్రువు అదే. గురి పెట్టవలసింది కూడా దానికే.

రెండవది ముగింపు. బొబ్బిలి కథలో కోట కాలడమే దుఃఖకేంద్రం. గెలిచినవానికి కూడా ఆ బూడిద గెలుపుగా మిగలదు. ‘కాంట్రా’ ముగింపులో వీరులు హెలికాప్టర్ ఎక్కుతారు, వెనుక ద్వీపం మొత్తం పేలిపోతుంది. అది బహుమతి దృశ్యం. అడవి, జలపాతం, మంచుమైదానం – ఏ నేలమీద గంటసేపు పరుగెత్తారో ఆ నేల మిగలకపోవడమే విజయం. ఆ ద్వీపంలో కాపురముండేవారు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న ఆటకు రాదు. పేరుపేర్ల జాబితా నడిచాక ఆట మళ్లీ మొదటి ఘట్టంతో మొదలవుతుంది. ద్వీపం మళ్లీ ఉంటుంది, మళ్లీ పేలుతుంది. వీరగాథను కూడా మళ్లీ మళ్లీ చెబుతారు. కాని గాథ పునరావృతమైనప్పుడు జ్ఞాపకం పేరుకుంటుంది. ఆట పునరావృతమైనప్పుడు నేర్పు పేరుకుంటుంది, జ్ఞాపకం చెరిగిపోతుంది.

6. ‘గెరిల్లా’ అనే మాట

‘కాంట్రా’ అనే పేరును జపాన్‌లో ఆత్మ, పోరు అనే అర్థాలిచ్చే లిపిచిహ్నాలతో రాశారు. అసాధారణ పోరాటస్ఫూర్తి, గెరిల్లా నేర్పు గలవాడని దానికి అర్థం చెప్పారు. అయితే ఆ పేరుకు సమకాలీన రాజకీయార్థం కూడా ఉంది. నికరాగ్వాలో 1979లో అధికారానికి వచ్చిన సాందినిస్టాలకు వ్యతిరేకంగా అమెరికా మద్దతుతో పోరాడిన సాయుధులను కాంట్రాలనేవారు. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన సొమ్మును వారికి మళ్లించిన వ్యవహారం 1986 నవంబరులో బయటపడింది. ఆ వెంటనే 1987లో ఆట వచ్చింది. పెద్దయంత్ర రూపంలో ముగింపు సంగీతానికి పెట్టిన పేరు ‘సాందినిస్టా’. ఈ రెండు పేర్లూ ఒకే ఆటలో కలవడాన్ని యాదృచ్ఛికమని తోసిపుచ్చడం కష్టం. పత్రికల మొదటిపేజీలోని యుద్ధం, చరిత్ర వదిలించుకొని, శబ్దంగా మాత్రమే ఆటలోకి వచ్చింది.

శ్రీకాకుళం ప్రాంతంలో ‘గెరిల్లా’ శబ్దమాత్రం కాదు. 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజనులు హతులైన తరువాత ఇక్కడి పోరాటం సాయుధరూపం దాల్చింది. ఉపాధ్యాయులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం దానికి నాయకులు. 1970 జులైలో ఇద్దరూ మరణించారు. ఆ ఉద్యమకవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ అనే ప్రాచీన జానపదరూపాన్ని పోరాటకథకు వాహికగా మలచాడు. 1969 డిసెంబరులో ఆయన హతుడయ్యాడు. ఆ ఉద్యమ మార్గంపై అభిప్రాయభేదాలు ఎన్ని ఉన్నా, దాని సాహిత్యలక్షణం ఒకటి నిర్వివాదం. అక్కడ కథ చెప్పినవానికి ఒక్కటే ప్రాణం ఉంది. రహస్యసూత్రం నొక్కితే వచ్చే ముప్పై ప్రాణాలు ఆ కథలో లేవు.

తోలు బిగించిన పాత్రకు తీగ కట్టి మీటే జముకు, ఐదు ధ్వనిమార్గాలు మాత్రమే గల ఆటపెట్టె – రెండూ అల్పసాధనాలే. అల్పసాధనంతో గాఢానుభవం కలిగించడంలో రెండింటికీ నేర్పు ఉంది. కాని జముకుల కథ వినేవారు కథలో చనిపోయినవారి ఊరు ఏదో అడగగలరు. ఆట ఆడేవారు అడగడానికి అక్కడ ఎవరూ లేరు. సాధనం చిన్నదైనంత మాత్రాన మనిషి మాయం కానక్కరలేదని జముకు రుజువు చేస్తుంది. కాబట్టి యంత్రపరిమితి శత్రువు పోలికను మాత్రమే వివరించగలదు, అతని పేరు లేకపోవడాన్ని వివరించలేదు. పేరుకు నాలుగైదు అక్షరాల చోటు చాలు.

7. వలస

పరుగెత్తి పేల్చే వైజ్ఞానిక కల్పనా ఆటల్లో శత్రువు తరచుగా ‘బయటినుంచి వచ్చినవాడు’. రావడమే అతని నేరం. ‘కాంట్రా’లో ఈ సూత్రం ఉల్కాపాతంతో మొదలవుతుంది. ఆమదాలవలస, పాలవలస వంటి ఊరిపేర్లలో కనిపించే ‘వలస’ అనే మాట ఇక్కడ పనికివస్తుంది. మరొక చోటినుంచి వచ్చినవారు నిలిచిన ఊరు వలస. ఉత్తరాంధ్రలో ఇలాంటి పేర్లు కొల్లలు. ఈ ప్రాంతంనుంచి కూలికోసం దూరనగరాలకు పోయేవారూ నేటికీ అధికమే. రావడం, పోవడం బతుకులో భాగమైన చోట, వచ్చినవాడు కనిపించగానే కాల్చాలన్న సూత్రం సహజసూత్రంగా చెల్లదు. ఆడేటప్పుడు ఎవరికీ ఈ ఆలోచన రాదు. ఆడి ముగించాక ఈ ఆలోచన కలిగించడమే విమర్శ పని.

8. ముగింపు

‘కాంట్రా’ను నిందించడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. లయలో, బిగువులో, ఇద్దరిని ఒక పనిలో కలపడంలో అది శ్రేష్ఠమైన ఆట. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నా దాని మొదటి ఘట్టం ఆడేవానిని వెంటనే కట్టిపడేస్తుంది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• ఆటలో వీరరసం నాయకపాత్రలో కాక, మిగిలిన ప్రాణాల లెక్కలో, ఆడేవాని దేహంలో నిష్పన్నమవుతుంది.
• శత్రువు మనిషైనా, మరమనిషైనా నియమాలు మారకపోవడం అతని నిరాకారత్వాన్ని రుజువు చేస్తుంది.
• శత్రువుకు పేరు, నేలకు విలువ ఉండటమే బొబ్బిలి కథ వంటి వీరగాథకు, ఈ ఆటకు ఉన్న ప్రధాన భేదం.
• కథ, భాష లేకుండా తెలుగునాటికి వచ్చిన ఆటకు ఆ రెండింటినీ ఆడినవారే సమకూర్చారు. తెలుగు ‘కాంట్రా’ అనదగినది ఏదైనా ఉంటే, అది ఆ పిల్లలు ఒకరికొకరు చెప్పుకొన్న మాటల్లో ఉంది.

చివరి అంశం తక్షణశ్రద్ధ కోరుతుంది. క్యాసెట్లు సేకర్తల వద్ద, వాటి నకళ్లు కంప్యూటర్లలో భద్రంగానే ఉన్నాయి. ఆడుతూ పలికిన మాటలు ఎక్కడా నమోదు కాలేదు. జానపదకథల పాఠాంతరాలను ఊరూరా తిరిగి సేకరించిన పద్ధతిలోనే, ఆ తరం మనుషులు నడివయసులో ఉండగానే ఈ మాటలనూ సేకరించవలసి ఉంది. జలపాతం దగ్గర ‘ఆగు, నేనూ వస్తున్నా’ అని వెనుకనుంచి పిలిచిన పిలుపు యంత్రానికి వినపడలేదు. తెలుగు పరిశోధనకైనా వినపడాలి.